బెల్టు నుంచి వైరుకు: ఆబిడ్స్, నాంపల్లి దారుల్లో పాత కారు ఫ్యాన్ చరిత్ర

కారు ఇంజన్‌ను చల్లబరిచే ఫ్యాన్ గురించి రాసేవారు దానిని సాధారణంగా కంపెనీల చరిత్రలో ఒక చిన్న అధ్యాయంగా చూస్తారు. హైదరాబాద్‌లోని ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాల వరకు మాత్రం దానిని రోడ్డు చరిత్ర నుంచి విడదీసి చూడడం కుదరదు. ఇంజన్ ముందు బెల్టుతో తిరిగే ఫ్యాన్‌కు సొంత వేగమంటూ లేదు. ఇంజన్ జోరుగా తిరిగితే అదీ జోరుగా తిరుగుతుంది, ఇంజన్ మందగిస్తే అదీ మందగిస్తుంది. బండ్లు కదులుతూ ఉన్నంతకాలం ఈ ఏర్పాటుతో ఎవరికీ పేచీ రాలేదు గాని, బండి నిలిచిపోయి గాలి అత్యవసరమైన వేళలోనే ఇంజన్ నెమ్మదించే రోజులు వచ్చాక అది చాలకుండా పోయింది. అంబాసిడర్, ఫియట్ వంటి పాత కార్లకు కరెంటు ఫ్యాన్ బిగించి వైరింగ్ చేయడం ఈ నగరంలో ఒక చేతిపనిగా స్థిరపడడానికి అసలు కారణం అదే. విడిభాగాల కొరత, మండుటెండలు, కొత్త కార్ల రాక దానికి తోడైనవి.

ఈ రెండు పేటలూ కారు రాకముందే రాకపోకల చుట్టూ పెరిగినవి. వాడి నుంచి సికింద్రాబాద్ దాకా నిజాం రైలు మార్గం 1874లో పడింది, నాంపల్లి స్టేషన్ భవనం 1907లో వెలిసింది. కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీకి, ఈ స్టేషన్‌కు నడుమ సాగే దారిలో, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆంతరంగిక సేవకుడైన ఆల్బర్ట్ ఆబిడ్ విదేశీ సరుకుల దుకాణం నడపగా, దుకాణం పోయినా ఆయన పేరు ఆ చౌరస్తాకు మిగిలిపోయింది. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలను తొలగించి వీధులను వెడల్పు చేసే పనికి పూనుకుంది. 1935 నాటికి మొజంజాహీ మార్కెట్ కూడా తయారైంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాతనగరంలోని రాజభవనాలను కాదని ఆబిడ్స్‌కు కూతవేటు దూరంలోని కింగ్‌కోఠిలో కాపురం ఉండడం వల్ల, రాజ్యంలోని ఖరీదైన మోటార్లు తిరిగే దారులు సహజంగానే ఇవే అయ్యాయి.

ఆ తొలితరం కార్లలో కరెంటు పాత్ర నామమాత్రం. మహబూబ్ అలీఖాన్ ఆర్డరు చేయగా, ఆయన 1911లో మరణించిన తరువాత గాని నగరం చేరని పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఇప్పటికీ చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనలో ఉంది. సుమారు 7.4 లీటర్ల ఇంజన్ గల ఆ మోడల్‌కు తయారీదారులు కరెంటు స్టార్టరును అమర్చింది 1919లో. అంతకుముందు దానిని చేత్తో హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేవారు. కరెంటు స్టార్టరు, దీపాలు, బ్యాటరీని నింపే డైనమో ఒకే కారులో కలిసి రావడం అమెరికాలోని 1912 క్యాడిలాక్‌తో మొదలైంది. అంటే సిల్వర్ ఘోస్ట్ ఫ్యాన్ బెల్టుతో తిరగడం ఎవరో ఎంచుకున్న పద్ధతి కాదు, ఆ కాలానికి అదొక్కటే మార్గం. ఊరేగింపులో ఏనుగుల నడకతో సమంగా నడవవలసిన రాజవాహనానికి అది ఏమంత అనుకూలమైన ఏర్పాటు కాదని ఇప్పటి పాఠకుడికి తోచవచ్చు; అయితే అంత పెద్ద ఇంజన్ మందంగా తిరుగుతూ చాలా తక్కువ పని చేసే చోట పుట్టే వేడి కూడా తక్కువే.

కార్లు కోటల్లో డ్రైవర్ల సంరక్షణలో ఉండగా, మోటారు మరమ్మతును జీతపు ఉద్యోగంగా మార్చినవి బస్సులు. నిజాం స్టేట్ రైల్వేకు చెందిన రోడ్డు రవాణా విభాగం 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. స్కాట్లండ్‌లో తయారైన ఆల్బియన్ బస్సులు దాని తొలి వాహనాలలో ఉన్నాయి. 1942లో ఏర్పడిన హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్ తరువాత బస్సు బాడీలు కట్టింది. ఇంజన్ పని, బాడీ పని, కరెంటు పని వేరువేరు చేతుల్లోకి వెళ్లడం ఇలాంటి పెద్ద సంస్థల్లో సహజంగా జరిగే పరిణామం. వీధి షెడ్డులో కూడా అదే విభజన నేటికీ కనిపిస్తుంది: ఇంజన్ విప్పే ఉస్తాద్ వైరింగ్ జోలికి వెళ్లడు, వైరింగ్ చేసేవాడు రేడియేటరుకు టంకం పెట్టడు.

ఇంజన్ చల్లబడే తీరును ఇక్కడ కొంత వివరించాలి. సిలిండర్ల చుట్టూ తిరిగి వేడెక్కిన నీరు పైగొట్టం ద్వారా రేడియేటరులోకి, అంటే సన్నని ఇత్తడి, రాగి గొట్టాలతో అల్లిన జల్లెడ వంటి పెట్టెలోకి వచ్చి, గాలికి చల్లబడి, కింది గొట్టం ద్వారా తిరిగి ఇంజన్‌లోకి వెళ్తుంది. వేడినీరు తేలికై పైకి పోవడం, చన్నీరు బరువై కిందికి దిగడం అనే గుణంతోనే తొలినాటి కార్లు కొన్ని పంపు లేకుండా నడిచాయి. ఫోర్డ్ మోడల్ టి వాటిలో ప్రసిద్ధమైనది. తరువాతి కార్లలో నీటి పంపు వచ్చింది, ఆ పంపు ఇరుసు చివరనే ఫ్యాన్ రెక్కలను బిగించారు, అదే బెల్టు డైనమోను కూడా తిప్పింది. ఈ కారణం చేతనే దానిని అందరూ ఫ్యాన్ బెల్టు అంటారు, నిజానికి ఫ్యాన్ తిప్పడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. కరెంటు ఫ్యాన్ పెట్టిన తరువాత బెల్టు అక్కరలేదనుకుని తీసివేస్తే నీటి పంపూ ఆగుతుంది, డైనమో కూడా ఆగుతుంది.

బెల్టు ఫ్యాన్‌లోని లోపం లెక్క వేస్తే తేటతెల్లమవుతుంది. ఫ్యాన్ లాగే గాలి దాని వేగంతో సమంగా పెరిగితే, అది తినే శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. నిమిషానికి 700 చుట్లు తిరుగుతూ కూడలిలో ఆగి ఉన్న ఇంజన్, రోడ్డు ఖాళీ అయ్యాక 2800 చుట్లకు చేరితే, గాలి 4 రెట్లు, శక్తి 64 రెట్లు అవుతాయి. కారు గంటకు 40 కిలోమీటర్లు దాటాక ఎదురుగాలే రేడియేటరుకు దాదాపు సరిపోతుంది కనుక, ఆ 64 రెట్ల శక్తి చాలావరకు దండుగ ఖర్చు. కావలసినప్పుడు చాలదు, అక్కరలేనప్పుడు పెట్రోలు తాగుతుంది. ఐరోపాలో ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నాలు 1950లలోనే మొదలయ్యాయి. బ్రిటన్‌లో కెన్లో సంస్థ పాత కార్లకు విడిగా బిగించుకునే కరెంటు ఫ్యాన్లు అమ్మింది. ఫ్రాన్స్‌లో ప్యూజో సంస్థ బెల్టును ఉంచుతూనే, వేడెక్కినప్పుడు మాత్రమే రెక్కలను పట్టుకునే విద్యుదయస్కాంత క్లచ్‌ను ప్రయోగించింది.

హైదరాబాద్ విషయంలో ఎత్తును కూడా లెక్కలోకి తీసుకోవాలి. సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న ఈ నగరంలో మూతలేని పాత్రలో నీరు దాదాపు 98 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. రేడియేటరు మూతలోని స్ప్రింగు చదరపు అంగుళానికి 7 పౌన్ల ఒత్తిడిని నిలిపి ఉంచితే ఆ హద్దు 110 డిగ్రీల దాకా జరుగుతుంది; మూత రబ్బరు ఎండిపోయి ఒత్తిడి నిలవకపోతే మళ్లీ 98కే దిగుతుంది. ఫ్యాన్ గురించి మాట్లాడే ముందు మూత మార్చమనే మెకానిక్ సలహాలో ఇంత అర్థం ఉంది. ఎండ మాట సరేసరి: 1966 జూన్ 2న ఇక్కడ 45.5 డిగ్రీలు నమోదయ్యాయి. రేడియేటరులోని నీరు 90 డిగ్రీలు, బయటి గాలి 30 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ రెంటి మధ్య తేడా 60. గాలి 45కు చేరితే తేడా 45కు పడిపోతుంది, అంటే అదే గాలి అదే వేగంతో వీచినా మోసుకుపోయే వేడి నాలుగో వంతు తగ్గుతుంది. దీనికి తోడు బోరు నీటిలోని సున్నం గొట్టాల లోపలి గోడలకు పొరలుగా పేరుకుని దారి మూస్తుంది. 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్ నుంచి వచ్చే గండిపేట నీళ్లను నగరవాసులు తాగడానికే ఎంతో మెచ్చుకున్నారు గాని, రేడియేటరు కూడా వాటికే ఎక్కువ రుణపడి ఉంటుంది.

ఇంత ఎండలోనూ 1960, 1970 దశకాల కార్లు బెల్టు ఫ్యాన్‌తోనే కాలం గడిపాయి. వేరే ఫ్యాన్ పెట్టాలన్న ఆలోచన రాకపోవడం కంటే, పెట్టినా దానికి కరెంటు ఎక్కడి నుంచి తేవాలన్నది పెద్ద చిక్కు. అప్పటి కార్లలో కరెంటు పుట్టించేది డైనమో. అది తిరిగే చుట్టలో పుట్టిన కరెంటును కార్బన్ బ్రష్‌ల ద్వారా ఒకే దిశలో బయటికి పంపే యంత్రం. ఇంజన్ నెమ్మదించినప్పుడు దాని వోల్టేజీ బ్యాటరీ కంటే తగ్గిపోతుంది. అప్పుడు బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి ప్రవహించకుండా తెంచే అయస్కాంతపు మీటనే కటౌట్ అంటారు, వోల్టేజీ రెగ్యులేటరుతో కలిపి దానిని ఒకే నల్లని డబ్బాలో అమర్చారు. బ్రిటిష్ కార్లలో విరివిగా వాడిన లూకాస్ సి40 డైనమో అత్యధికంగా ఇచ్చేది 22 ఆంపియర్లు, అదీ ఇంజన్ వేగంగా తిరిగినప్పుడు. రాత్రివేళ 45 వాట్ల హెడ్‌లైట్లు రెండూ వెలిగితే ఏడున్నర ఆంపియర్లు, ఇగ్నిషన్ కాయిల్‌కు మూడు నాలుగు, వెనక దీపాలకు, మీటర్ల దీపాలకు మరో రెండు పోగా, పది ఆంపియర్ల ఫ్యాన్‌ను దానికి తగిలిస్తే మొత్తం ఆ 22ను దాటిపోతుంది. కూడలిలో ఆగి ఉన్న కారు డైనమో ఇచ్చేది దాదాపు సున్నా కనుక ఆ భారమంతా బ్యాటరీ మీదే పడుతుంది. ఫ్యాన్ అవసరమయ్యేది కూడా సరిగ్గా అక్కడే.

పాత బ్రిటిష్ కార్లలో మరో చిక్కు ధ్రువాలది. చాలా కార్లలో బ్యాటరీ ప్లస్ కొసను బాడీకి కలిపేవారు. 1960ల నడుమ గాని బ్రిటిష్ పరిశ్రమ మైనస్‌ను బాడీకి కలిపే పద్ధతికి మారలేదు. శాశ్వత అయస్కాంతాలతో పనిచేసే మోటారు ఏ దిశలో తిరగాలన్నది కరెంటు దిశ మీద ఆధారపడుతుంది. కాబట్టి కొత్తరకం ఫ్యాన్‌ను అలాంటి కారులో, మైనస్ తీగ బాడీకే కలపాలన్న అలవాటుతో బిగిస్తే అది ఎదురు తిరిగి, వెనక్కి లాగవలసిన గాలిని ముందుకు తోస్తుంది. ఆగి ఉన్నప్పుడు ఈ పొరపాటు వెంటనే బయటపడదు. కారు వేగం అందుకున్నాక ఎదురుగాలితో పోరాడుతూ ఫ్యాన్ ఉన్న చల్లదనాన్ని కూడా చెడగొడుతుంది. రేడియేటరు ముందు ఒక కాగితం ముక్క పట్టి అది దానికి అతుక్కుంటుందో ఎగిరిపోతుందో చూడడం దీనికి అన్నిటికంటే సులువైన పరీక్ష.

పాత కార్లు ఇంతకాలం బతకడానికి కారణం ఆర్థిక విధానం. విడిభాగాలు తెచ్చి కార్లు బిగించి అమ్మే విదేశీ కంపెనీలు దేశంలోనే తయారీ చేపట్టాలని ప్రభుత్వం 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసుపై పట్టుబట్టగా, జనరల్ మోటార్స్, ఫోర్డ్ వెంటవెంటనే వెళ్లిపోయాయి. మిగిలినవి ప్రధానంగా మూడు: మారిస్ ఆక్స్‌ఫర్డ్ ఆధారంగా 1957 నుంచి అంబాసిడర్ చేసిన హిందుస్తాన్ మోటార్స్, ఫియట్ 1100ను తరువాత పద్మినిగా అమ్మిన ప్రీమియర్, మద్రాసులో హెరాల్డ్ చేసిన స్టాండర్డ్. హైదరాబాద్‌లో దీనికి మరొక పార్శ్వం కూడా ఉంది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య, 1949 జాగీర్ల రద్దు తరువాత ఉమరావుల ఆదాయం తెగిపోయి, భారీ అమెరికన్, బ్రిటిష్ కార్లను పోషించే శక్తి తగ్గింది. స్వయంగా నిజాం గ్యారేజీలలో కూడా ఎన్నో కార్లు కదలకుండా పడి ఉండేవి. 1967లో తాత మరణించాక వారసుడైన ముకరంజాకు ఇంజన్లు విప్పి బిగించడం మీద ఉన్న మక్కువ అందరికీ తెలిసిందే గాని, ఆ షెడ్లను నిలబెట్టడం ఒక మనిషి మక్కువతో అయ్యే పని కాదు. దిగుమతి లేదు, కంపెనీ లేదు, అయినా కారు ఉంది. ఈ స్థితిలో ఒక కారు భాగాన్ని మరో కారుకు అమర్చే నేర్పు నగరంలో గౌరవనీయమైన విద్య అయింది.

ఆ విద్యకు భూగోళం కూడా కలిసివచ్చింది. ఆబిడ్స్ నుంచి కోఠి వైపు నడిస్తే ట్రూప్‌బజార్ వస్తుంది, అది వైర్లు, స్విచ్‌లు, మోటార్ల వంటి కరెంటు సామాను అంగడి. అక్కడికి దగ్గరలోనే పుత్లీబౌలిలో మోటారు విడిభాగాల దుకాణాలు. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో విడిభాగాల వ్యాపారం ఇంకా పెద్దదే అయినా, కరెంటు సామాను, కారు సామాను ఇంత చేరువగా దొరకడం ఈ పక్కనున్న సౌకర్యం. పాత కారుకు కరెంటు ఫ్యాన్ పెట్టడానికి కావలసినవి సరిగ్గా ఈ రెండు అంగళ్ల సరుకులే. అయితే ఈ సౌకర్యంలోనే ఒక ప్రమాదం దాగి ఉంది: ఇంటి కరెంటు తెలివి కారులోకి ప్రవేశించింది.

230 వోల్టుల ఇంటి వైరింగ్‌లో ఒక వోల్టు నష్టం ఎవరికీ పట్టదు. 12 వోల్టుల కారులో అదే నష్టం ఫ్యాన్ బలంలో గణనీయమైన భాగాన్ని తినేస్తుంది. ఒక చదరపు మిల్లీమీటరు మందం గల రాగి తీగను బ్యాటరీ నుంచి డ్యాష్‌బోర్డుకు, అక్కడి నుంచి ఫ్యాన్‌కు మొత్తం అయిదు మీటర్లు లాగి పది ఆంపియర్లు పంపితే, తీగలోనే దాదాపు 0.86 వోల్టు హరించుకుపోతుంది. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగను ఒకటిన్నర మీటరులో ముగిస్తే నష్టం 0.1 వోల్టు మాత్రమే. ఇంటి తీగలో ఇంకా కొన్ని లోపాలున్నాయి. దానిలో పోగులు తక్కువ కనుక ఇంజన్ అదురుకు విరుగుతుంది, దాని తొడుగు నూనెకు, వేడికి ఓర్చదు. ఇక ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు దిగుతుంది కనుక ఇంటి స్విచ్ తెరిచినప్పుడు పుట్టిన నిప్పురవ్వ ఇట్టే ఆరిపోతుంది. డీసీ కరెంటుకు ఆ విరామం లేదు. అందుచేత ఫ్యాన్ మోటారును తెంచినప్పుడల్లా అలాంటి స్విచ్ కొసలు కాలి నల్లబడి, కొద్దికాలానికి వేడెక్కి కరుగుతాయి. డ్యాష్‌బోర్డు కింద కాలిన వాసన వచ్చిందంటే ఫ్యాన్ మోటారు కంటే ముందు అనుమానించవలసింది ఈ స్విచ్‌నే.

ఇంజన్‌తో సంబంధం లేని ఫ్యాన్ వీధి మెకానిక్‌కు నిత్యపరిచయం కావడానికి కారణం 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800. దాని 796 సీసీ ఇంజన్‌ను బానెట్ కింద అడ్డంగా కూర్చోబెట్టారు. ముందు చక్రాలను తిప్పే చిన్న కార్లకు అదే అనువైన అమరిక. ఇంజన్ అడ్డంగా ఉంటే దాని కప్పీ పక్కకు చూస్తుంది, రేడియేటరు మాత్రం ముందుకు చూడాలి, కాబట్టి బెల్టుతో ఫ్యాన్ తిప్పే దారి మూసుకుపోతుంది. ఇటలీలో 1969లో వచ్చిన ఫియట్ 128 ఈ చిక్కును ముందుపెట్టిన రేడియేటరు, కరెంటు ఫ్యాన్, వేడిని కనిపెట్టే స్విచ్ (థెర్మోస్విచ్) అనే మూడింటితో తీర్చగా, ప్రపంచపు చిన్న కార్లు చాలావరకు ఆ బాటనే పట్టాయి. అంతకుముందు 1959లో బ్రిటిష్ మినీ కూడా అడ్డపు ఇంజన్‌తోనే వచ్చింది గాని, అది రేడియేటరునే పక్కకు తిప్పి బెల్టు ఫ్యాన్‌ను నిలుపుకుంది. వేసవిలో దాని అగచాట్లు చూస్తే ఫియట్ ఇంజనీర్లదే సరైన నిర్ణయమని చెప్పవచ్చు. మారుతితో వచ్చిన రెండో సరుకు ఆల్టర్నేటర్. అమెరికాలో 1960 నాటి వేలియంట్ కారుతో సాధారణమైన ఈ యంత్రం సిలికాన్ డయోడ్ల సాయంతో ఏసీని డీసీగా మారుస్తుంది, ఇంజన్ నిలకడగా నెమ్మదిగా తిరిగేటప్పుడు కూడా చెప్పుకోదగ్గ కరెంటు ఇస్తుంది. ఫ్యాన్, థెర్మోస్విచ్, రిలే, ఆల్టర్నేటర్ అన్నీ తుక్కు మార్కెట్లో చవకగా దొరకసాగిన తరువాతనే అంబాసిడర్‌కు, ఫియట్‌కు కరెంటు ఫ్యాన్ పెట్టడం సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది.

ఈ వైరింగ్ పరిణామంలో రెండు దశలు స్పష్టంగా కనిపిస్తాయి. మొదటిది వీధి భాషలో డైరెక్ట్ చేయడం: బ్యాటరీ నుంచి తీగ, మధ్యలో డ్రైవరు చేతికందే టోగుల్ స్విచ్, ఆపై ఫ్యాన్, చివర బాడీ ఎర్త్. ఇందులో మరచిపోయే గుణం మనిషిది, శిక్ష ఇంజన్‌ది. పైగా అలా చేసేవారు కొందరు తీగను ఇగ్నిషన్ లైన్ నుంచే తీసేవారు. తాళంచెవి తిప్పి ఇంజన్ ఆపినా ఫ్యాన్ ఊపు మీద తిరుగుతూనే ఉంటుంది, తిరిగే మోటారు కరెంటు పుట్టిస్తుంది, అది అదే లైన్ ద్వారా ఇగ్నిషన్ కాయిల్‌కు చేరి ఇంజన్ మరికొన్ని క్షణాలు ఆగకుండా కొట్టుకుంటుంది. కారుకు ఏదో పట్టిందని యజమాని భయపడే ఈ వింతకు మూలం ఒక తీగ చేరిన చోటు మాత్రమే.

రెండో దశ రిలేది. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే అయస్కాంతపు స్విచ్‌ను రిలే అంటారు. దాని కాళ్ల మీద జర్మన్ ప్రమాణం ప్రకారం 30, 85, 86, 87 అనే అంకెలుంటాయి, ఏ దేశపు సరుకైనా చాలావరకు ఈ అంకెలనే పాటిస్తుంది. బ్యాటరీ నుంచి లావుపాటి తీగ 20 ఆంపియర్ల ఫ్యూజు గుండా 30కి చేరుతుంది, 87 నుంచి ఫ్యాన్‌కు వెళ్తుంది. ఫ్యాన్ తిరిగేటప్పుడు పది ఆంపియర్లే తీసుకున్నా కదిలే క్షణంలో అంతకు రెండు మూడింతలు లాగుతుంది కాబట్టే ఫ్యూజును ఆ మేరకు పెద్దది వేస్తారు. 86కు ఇగ్నిషన్ లైన్, 85కు థెర్మోస్విచ్. ఆ స్విచ్ సుమారు 92 డిగ్రీల దగ్గర బాడీకి దారి ఇచ్చి, 87 డిగ్రీల దగ్గర తెంచే రకం ఎక్కువ వాడుకలో ఉంది. రిలే చుట్ట తీసుకునేది అయిదో వంతు ఆంపియరు కూడా కాదు కనుక డ్యాష్‌బోర్డు దాకా సన్నని తీగలు చాలు. పాత లూకాస్ పద్ధతి వైరింగ్‌లో గోధుమరంగు తీగ బ్యాటరీ నుంచి ఫ్యూజు లేకుండా నేరుగా వచ్చేదని, తెల్లది ఇగ్నిషన్‌దని, నల్లది ఎర్త్ అని తెలిసినవాడు కారు బానెట్ ఎత్తగానే ఏది ఎక్కడ కలపాలో చదువుకోగలడు. ఎవరో ఎప్పుడో మధ్యలో అన్నీ ఎర్రతీగలే వేసి ఉంటే మాత్రం ఆ చదువు పనికిరాదు.

థెర్మోస్విచ్‌ను ఎక్కడ పెట్టాలన్నదే ఈ పనిలో చేతినైపుణ్యానికి గీటురాయి. మారుతిలో దానికి మొదటినుంచే చోటు ఉంది, అంబాసిడర్ ఇత్తడి రేడియేటరులో లేదు. రేడియేటరు పనివాడు తొట్టికి రంధ్రం చేసి మరలున్న ఇత్తడి బుష్‌ను టంకంతో అతికించడం ఒక పద్ధతి; పై రబ్బరు గొట్టాన్ని కోసి మధ్యలో స్విచ్ బిగించిన లోహపు గొట్టాన్ని చొప్పించడం మరో పద్ధతి. రెండోది సులువుగా కనిపిస్తుంది గాని, ఆ లోహపు ముక్క రెండు పక్కలా రబ్బరే ఉండడం వల్ల దానికి ఎర్త్ అందదు, వేరే తీగతో బాడీకి కలపకపోతే స్విచ్ ఎంత వేడికీ పలకదు. కొత్త స్విచ్ పాడైందని మరొకటి కొని తెచ్చినా ఫలితం మారదు. ఫ్యాన్ పెట్టే చోటు విషయంలో రేడియేటరు వెనక నుంచి లాగే రకం ముందు నుంచి తోసే రకంకంటే మెరుగు, ఎందుకంటే ముందున్న మోటారు, రెక్కలు ఎదురుగాలికి అడ్డం. ప్లాస్టిక్ పట్టీలను రేడియేటరు గొట్టాల మధ్య గుచ్చి బిగించడం తేలికే అయినా అదురుకు అవి గొట్టాలను రాపాడి కొన్నాళ్లకు నీటి చెమ్మ మొదలవుతుంది. ఇనుప పట్టీలతో రేడియేటరు చట్రానికి కట్టడమే మంచి పని.

ఈ పని వరుసను బట్టి కూడా మెకానిక్ నేర్పును అంచనా కట్టవచ్చు. డైనమోను ఉంచి ఫ్యాన్ పెట్టినవాడు సగం పనే చేసినట్లు. ముందు ఆల్టర్నేటర్, దానికి తగిన లావు తీగ, ఆ తరువాతే ఫ్యాన్. లూకాస్, టీవీఎస్ కలిసి 1961లో మద్రాసులో స్థాపించిన లూకాస్-టీవీఎస్ వంటి సంస్థల వల్ల దక్షిణాదిలో ఈ సరుకు కొరత లేకపోయినా, ఖర్చుకు జంకి డైనమోతోనే సరిపెట్టిన కార్లు ఎన్నో. నాంపల్లిలో ఆ లోపం బయటపడే కాలం విచిత్రంగా వేసవి కాదు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో నాంపల్లి మైదానానికి మారిన నుమాయిష్ అనే వార్షిక ప్రదర్శన, జనవరి 1 నుంచి 46 రోజులు సాగుతుంది. చలికాలపు సాయంత్రాలలో స్టేషన్ నుంచి మొజంజాహీ మార్కెట్ దాకా బండ్లు అడుగులో అడుగు వేస్తాయి, హెడ్‌లైట్లు వెలుగుతూ ఉంటాయి, ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది, డైనమో ఏమీ ఇవ్వదు. ఇంజన్ చల్లగానే ఉంటుంది గాని, ఒకసారి ఆగిపోతే సెల్ఫ్ తిప్పడానికి బ్యాటరీలో శక్తి మిగలదు. 2010లలో ఇదే దారి మధ్యలో మెట్రో స్తంభాలు లేచి వరుసలు ఇరుకైనప్పుడు ఈ పరిస్థితి నుమాయిష్ రోజులకే పరిమితం కాలేదు. నాంపల్లి, గాంధీభవన్ స్టేషన్ల మీదుగా అమీర్‌పేట, ఎల్బీనగర్ మధ్య మెట్రో రైలు 2018 సెప్టెంబరు 24న మొదలైంది.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయాక ఈ కార్లు నిత్యవాహనాల నుంచి సేకరణ వస్తువులుగా మారాయి, దానితో ఫ్యాన్ పెట్టడం మంచిదా అపచారమా అనే తర్కం పుట్టింది. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనలు 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలను వింటేజ్‌గా గుర్తించి, విఏ అక్షరాలతో వేరే నంబరు వరుసను, కొత్త నమోదుకు 20,000 రూపాయల రుసుమును నిర్ణయించాయి. ఛాసిస్, బాడీ, ఇంజన్ వంటి వాటిలో పెద్ద మార్పు జరగకూడదన్న షరతు పెట్టాయి. అలా నమోదైన వాహనాన్ని ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, ఇంధనానికి తప్ప రోజువారీగా నడపరాదు. ర్యాలీలో ముందు కారు వెనక నెమ్మదిగా పోవడమే ఉంటుంది కనుక, కరెంటు ఫ్యాన్ అవసరం అలాంటి కార్లకే ఎక్కువ. అసలు ఫ్యాన్ రెక్కలను, వాటి బోల్టులను, కటౌట్ డబ్బాను పారేయకుండా ఉంచి, పాత తీగలను కోయకుండా కొత్త తీగలను విడిగా వేసి, రేడియేటరు తొట్టికి రంధ్రం పెట్టకుండా గొట్టంలోనే స్విచ్ అమర్చిన కారును ఒక పూట పనితో మళ్లీ పాత రూపానికి తేవచ్చు. తొట్టికి రంధ్రం పెట్టి, డైనమో తుక్కుకు వేసి, పాత వైరింగ్‌ను తెంపి చేసిన కారుకు ఆ వీలు లేదు; అలాంటిది ఎన్నేళ్లు నిండినా న్యాయంగా వాడుక బండి కిందనే లెక్క.